ఉక్కు పట్టీపై జింకు పూత: మందం కొలత, మన్నిక లెక్క

వ్యవసాయ పత్రికలలో జింకు ప్రస్తావన రాగానే పాఠకుల దృష్టి జింక్ సల్ఫేట్ వైపు మళ్లుతుంది. నేలలో లభ్య జింకు 0.6 పి.పి.ఎం. కంటే తగ్గితే దానిని లోపంగా పరిగణించాలన్నదీ, హెక్టారుకు 50 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలన్నదీ, చీనీ తోటలలో ఆకులపై పిచికారీ చేయాలన్నదీ విస్తరణ సిబ్బందికి కంఠస్థమైన విషయాలు. ఆ 50 కిలోలలో 21 శాతం చొప్పున అసలు జింకు పదిన్నర కిలోలే. అదే రైతు తన పొలంలో నూరు చదరపు మీటర్ల రేకుతో కొట్టం వేసుకుంటే, ఆ రేకు 275 తరగతికి చెందినదైతే, దాని రెండు ముఖాలపై కలిపి 27.5 కిలోల జింకు ఉంటుంది. నేలకు వేసే జింకుపై ప్రయోగాలూ సిఫారసులూ విస్తారంగా వెలువడ్డాయి. రేకును అంటిపెట్టుకుని వచ్చే జింకుకు వ్యవసాయ రచనలలో చోటు దక్కడం అరుదు.

అనంతపురం పీఠభూమిలో ఈ రెండవ జింకు చిన్న విషయమేమీ కాదు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వర్షపాతంతో, 2022 ఏప్రిల్‌లో అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడివడిన ఈ ప్రాంతంలో, వేరుశనగను మాత్రమే నమ్ముకుని నిలవలేని రైతు తోటలను, పట్టు పరిశ్రమను, పాడిని ఆశ్రయించాడు. ఆ దారిలో అడుగడుగునా ఉక్కు అవసరమవుతుంది. ద్రాక్ష పందిరికి తీగ కావాలి. షేడ్‌నెట్‌కు గొట్టాలు కావాలి. పట్టు పురుగుల పెంపకానికి షెడ్డూ, తట్టల స్టాండ్లూ కావాలి. సౌర పంపుకు పలకలను మోసే చట్రం కావాలి. వీటిలో అధికభాగం అప్పు చేసి కొనేవే. బ్యాంకు వాయిదాలు తీరక ముందే రేకు చిల్లులు పడితే ఆ నష్టాన్ని ఏ పంట బీమా పూడ్చదు.

అంగడిలో రైతు అడిగేది గేజి. చూసేది మెరుపు. గేజి ఉక్కు మందాన్ని చెబుతుందే గాని పూత మందాన్ని చెప్పదు. మెరుపు అంతకన్నా తక్కువ చెబుతుంది. రేకుపై పెద్ద పెద్ద పూల వంటి మచ్చలు కనిపిస్తే జింకు దండిగా ఉందన్న నమ్మకం గ్రామాలలో ఇప్పటికీ ఉంది. ఆ పూలు ద్రవ జింకులో కలిసిన సీసం, ఆంటిమొని వంటి లోహాల వల్ల, చల్లబడే తీరు వల్ల ఏర్పడే స్ఫటికాలు. సీసం లేని తొట్టిలో తయారైన నేటి రేకు నునుపుగా, పూలు లేకుండా ఉంటుంది. రెండింటి పూత బరువు ఒకటే కావచ్చు, ఒకటి మరొకదానికి రెట్టింపు కూడా కావచ్చు. కంటికి ఆ తేడా తెలియదు.

గ్రాముల నుంచి మైక్రాన్లకు

రేకుల పూతను చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని లెక్కిస్తారు. వర్తకులు దీనినే జీఎస్‌ఎం అంటారు. భారత ప్రమాణం ఐఎస్ 277 లోని 120, 180, 220, 275 వంటి తరగతులు ఈ గ్రాములే. ఇక్కడ మరువకూడని సంగతి ఒకటుంది: ఆ బరువు రెండు ముఖాలపై ఉన్న జింకు మొత్తం. జింకు సాంద్రత 7.14 కాబట్టి ఒక ముఖంపై చదరపు మీటరుకు 7.14 గ్రాములు ఉంటే పూత మందం ఒక మైక్రాన్. ఆ లెక్కన 275 తరగతి రేకుకు ఒక్కొక్క ముఖంపై సుమారు 19 మైక్రాన్లు, 120 తరగతికి 8.4 మైక్రాన్లు వస్తాయి. మనిషి తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లని గుర్తు చేసుకుంటే రేకును కాపాడే పొర ఎంత పలుచనిదో బోధపడుతుంది.

ఇంత పలుచని పొరను కిలోమీటర్ల పొడవునా ఒకే మందంగా నిలపడం లోహ పరిశ్రమలో కఠినమైన పనులలో ఒకటి. ఆ పని అనంతపురానికి దూరాన జరిగేదీ కాదు. తుంగభద్ర ఎగువ కాలువ వెంట పడమరగా వెళితే బళ్లారి దాటిన తరువాత తోరణగల్లు వస్తుంది. అక్కడి జె.ఎస్.డబ్ల్యు. విజయనగర ఉక్కు కర్మాగారంలో పట్టీలకు నిరంతరాయంగా జింకు పూసే లైన్లు నడుస్తున్నాయి. సండూరు కొండల ఇనుప ఖనిజపు పట్టీ అనంతపురం సరిహద్దులోని ఓబుళాపురం వరకూ సాగి ఉంది. ఖనిజం ఈ నేలదే, కాలువ ఈ నేలకు వచ్చేదే.

జింకులో ముంచి ఇనుమును కాపాడవచ్చని 1742లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మలూయిన్ తన దేశపు విజ్ఞాన పరిషత్తుకు నివేదించాడు. 1837లో సోరెల్ దానిపై పేటెంటు పొందాడు. రాజస్థాన్‌లోని జావర్‌లో జింకును బట్టీపట్టి తీసే విద్య అంతకు శతాబ్దాల ముందే ఉండేది. తెలుగులో తుత్తునాగం, యశదం అన్న పేర్లు ఆ లోహానికి పాత పరిచయాన్నే సూచిస్తాయి. అయితే ఒక్కొక్క రేకునే విడిగా ముంచి తీసే పద్ధతి పోయి, చుట్ట విప్పుతూ ఆగకుండా పూత వేసే పద్ధతి 1930ల దశకంలో పోలండ్ ఇంజనీరు సెంజిమిర్ కృషితో మొదలైంది.

నేటి లైనులో ఒక చుట్ట చివరను మరొక చుట్ట మొదలుకు అతికిస్తారు. అందువల్ల పట్టీకి ఆది అంతాలుండవు. దానిపై నూనె, మలినం కడిగి, హైడ్రోజన్, నత్రజని నిండిన కొలిమిలో 700 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేస్తారు. ఆ వేడికి ఉక్కు మెత్తబడుతుంది, పైన ఉన్న తుప్పు పొర పోతుంది. గాలి తగలనీయకుండానే దానిని సుమారు 460 డిగ్రీల వద్ద ఉన్న ద్రవ జింకు తొట్టిలోకి దింపుతారు. జింకు కరిగేది 419.5 డిగ్రీల వద్ద. తొట్టిలో పట్టీ ఉండేది కొన్ని క్షణాలు మాత్రమే. జింకులో కలిపే అల్యూమినియం 0.15 నుంచి 0.2 శాతం మాత్రమే, కాని దాని పాత్ర గొప్పది. ఉక్కు ముఖంపై అది అతి పలుచని ఇనుము-అల్యూమినియం పొరగా ఏర్పడి, పెళుసైన ఇనుము-జింకు సమ్మేళనాలు మందంగా పెరగకుండా అడ్డుకుంటుంది. ఆ అడ్డు లేకపోతే రేకును వంచిన చోట, మడిచిన చోట పూత పెచ్చులుగా ఊడుతుంది. గింజంత సూక్ష్మపోషకం పంటను నిలబెట్టినట్లే ఇదీ.

గాలి కత్తి

తొట్టి అడుగున ఉన్న రోలరు చుట్టూ తిరిగి పట్టీ నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పాకంలో ముంచిన గరిటెను మెల్లగా ఎత్తితే పలుచగా, వేగంగా ఎత్తితే మందంగా పాకం అంటుకుని వస్తుంది. పట్టీకీ అంతే. వదిలేస్తే అవసరానికి ఎన్నో రెట్లు జింకును తనతో ఈడ్చుకుపోతుంది. పూర్వం ఆ అదనపు జింకును రోలర్ల మధ్య నొక్కి తీసేవారు. గత శతాబ్దపు రెండవ భాగంలో ఆ స్థానాన్ని ఎయిర్ నైఫ్, అంటే గాలి కత్తి, ఆక్రమించింది. తొట్టి మట్టానికి కొద్ది ఎత్తున పట్టీకి ఇరువైపులా పొడవైన నాజిల్ ఉంటుంది. దాని చీలిక వెడల్పు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అందులోంచి గాలి లేదా నత్రజని పలుచని పలకలా దూసుకువచ్చి పట్టీని తాకుతుంది. తాకిన చోట పీడనం ఒక్కసారిగా పెరిగి, పైకి పోతున్న జింకులో అదనపు భాగాన్ని కిందికి తోస్తుంది. తాకి విడిపోయిన గాలి ఉపరితలాన్ని రాసుకుంటూ పోతూ మరికొంత దించుతుంది. నిలిచిందే పూత.

ఈ ప్రక్రియకు గణిత రూపమిచ్చిన తొలి ప్రయత్నాలలో థార్న్‌టన్, గ్రాఫ్ 1976లో ప్రకటించిన పత్రం ప్రసిద్ధం. దాని తరువాత ఎన్నో నమూనాలు వచ్చినా లైను నడిపేవారికి ఉపకరించే స్థూల సూత్రం ఇంతే: పూత బరువు నాజిల్ దూరంతో పాటు పెరుగుతుంది, పట్టీ వేగపు వర్గమూలంతో పెరుగుతుంది, గాలి పీడనపు వర్గమూలంతో తగ్గుతుంది. వేగం 20 శాతం పెరిగితే పూత సుమారు 9.5 శాతం బరువెక్కుతుంది. దానిని పాత స్థితికి తేవాలంటే పీడనాన్ని కూడా 20 శాతం పెంచాలి.

పిచికారీ యంత్రాన్ని సరిచూసి వాడే వ్యవసాయ శాస్త్రవేత్తకు ఇందులో ఒక తిరకాసు కనిపిస్తుంది. మందు కొట్టేవాడు వడివడిగా నడిస్తే ఎకరాకు పడే మందు తగ్గుతుంది. ఇక్కడ పట్టీ వడిగా నడిస్తే పూత పెరుగుతుంది. కారణం సులభం. పిచికారీలో నాజిల్ ఇచ్చేది, ఇక్కడ నాజిల్ తుడిచేది. మిగిలిన కష్టాలు మాత్రం రెండింటికీ సమానమే. ఎగిరిన జింకు తుంపర నాజిల్ చీలికలో ఒక చోట గట్టిపడితే అక్కడ గాలి బలహీనమై, పట్టీ పొడవునా ఒక మందపు చార పడుతుంది. మూసుకుపోయిన డ్రిప్పరు ఒక మొక్కను ఎండగడుతుంది. మూసుకుపోయిన నాజిల్ ఒక చారను మాత్రం బలుపెక్కిస్తుంది.

పీడనాన్ని ఇష్టమొచ్చినంత పెంచడానికీ వీలులేదు. వేగం ఎక్కువై, పూత పలుచగా కావాలన్నప్పుడు గాలి బలం హద్దు దాటితే పట్టీ అంచుల నుంచి జింకు బిందువులుగా చెదిరిపోతుంది. పలుచని పూతను అతి వేగంగా తయారు చేయలేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

కాలువ చివర కొలబద్ద

పూతను కొలిచేది ఎక్స్-కిరణాల పరికరం. కిరణం తాకినప్పుడు పొర నుంచి తిరిగి వెలువడే కిరణాల తీవ్రతను బట్టి జింకు బరువు తెలుస్తుంది. చిక్కంతా ఆ పరికరం ఉండే చోటుతోనే వస్తుంది. గాలి కత్తి దాటిన పట్టీపై జింకు ఇంకా ద్రవమే. అది గట్టిపడే దాకా ఏ రోలరూ తాకకూడదు. అందుకే పట్టీ ఎత్తయిన శీతల గోపురం ఎక్కి దిగవలసి ఉంటుంది. కొలిచే పరికరం ఆ తరువాత ఎక్కడో నూరు మీటర్ల దూరంలో ఉందనుకుందాం. నిమిషానికి 120 మీటర్ల వేగంతో నడిచే పట్టీ ఆ దూరం చేరడానికి 50 క్షణాలు పడుతుంది. కొలతలో లోపం కనిపించేసరికి నూరు మీటర్ల రేకు అదే లోపంతో తయారై ఉంటుంది.

ఎగువ కాలువ ఆయకట్టును ఎరిగినవారికి ఈ ఇబ్బందిని వివరించనక్కరలేదు. చివరి తూములో నీరు తగ్గిందని తల వద్ద గేటు ఎత్తితే ఆ నీరు చివరకు చేరేది తరువాత ఎప్పుడో. ఈలోగా ఫలితం కనబడలేదని మళ్లీ ఎత్తేవాడు రెండు రోజులకు గండి చూస్తాడు. పూత లైనులోనూ ఓపిక లేని దిద్దుబాటు పూతను ఒకసారి పలుచగా, ఒకసారి మందంగా ఊగిస్తుంది. కాబట్టి నేటి నియంత్రణ రెండు అంచెలలో ఉంటుంది. పట్టీ వేగం మారగానే, కొలత కోసం వేచి ఉండకుండా, సూత్రాన్ని బట్టి కంప్యూటర్ పీడనాన్ని ముందే మారుస్తుంది. తరువాత, చేసిన మార్పు పరికరం వద్దకు చేరవలసిన సమయం గడిచాకనే, మిగిలిన తేడాను కొద్దికొద్దిగా సరిచేస్తుంది. పట్టీ ఇంకా వేడిగా ఉండగానే కత్తికి దగ్గరలో కొలిచే పరికరాలను అమర్చి ఆ ఆలస్యాన్ని తగ్గించుకున్న లైన్లూ ఉన్నాయి.

వెడల్పు వెంబడి వచ్చే తేడా మరొక రకం. తొట్టిలో రోలర్ల చుట్టూ వంగి వచ్చిన పట్టీ అడ్డంగా కొద్దిగా వాలుతుంది, కంపిస్తుంది కూడా. నాజిల్‌కు పది మిల్లీమీటర్ల దూరంలో ఉండవలసిన పట్టీ ఒక మిల్లీమీటరు ఒక పక్కకు జరిగిందనుకుందాం. దగ్గరైన ముఖంపై పూత పదో వంతు తగ్గుతుంది, దూరమైన ముఖంపై పదో వంతు పెరుగుతుంది. రెండింటి మొత్తం మారదు. కాగితంపై అది 275 తరగతి రేకే, కాని ఒక ముఖంపై 124 గ్రాములు, రెండవ దానిపై 151 గ్రాములు. అమెరికా ప్రమాణంలో ఏ ముఖంపైనా మొత్తంలో 40 శాతానికి తగ్గరాదన్న నిబంధన ఉన్నది ఇందుకే. పట్టీని తిన్నగా నిలపడానికి తొట్టిలో సరిచేసే రోలర్లను, ఇటీవలి లైన్లలో విద్యుదయస్కాంతాలను వాడుతున్నారు. అంచుల వద్ద రెండు పక్కల గాలులు ఎదురెదురుగా ఢీకొని బలం కోల్పోవడం వల్ల పూత మందమవుతుంది. దానిని తగ్గించేందుకు అంచు పక్కన అడ్డుపలకలు అమర్చుతారు.

ఇంత శ్రమ రేకు కొనేవారి మేలు కోసమని అనుకోనక్కరలేదు. మీటరు వెడల్పు పట్టీ నిమిషానికి 120 మీటర్ల చొప్పున నడిచే లైనులో, చదరపు మీటరుకు కేవలం 10 గ్రాములు అదనంగా పూస్తే నిమిషానికి 1.2 కిలోలు, రోజుకు 1.7 టన్నులకు పైగా జింకు వృథా. పూత ఊగిసలాడే లైనులో కనీస హద్దు ఎక్కడా తప్పకుండా ఉండాలంటే సగటును హద్దుకు చాలా పైన ఉంచాలి. నియంత్రణ బిగిసిన కొద్దీ సగటును హద్దు దగ్గరకు దించవచ్చు.

‘తాతల కాలం రేకు గట్టిది’ అనే మాటను నోస్టాల్జియాగా కొట్టిపారేయరాదనడానికి ఆధారం ఇక్కడే ఉంది. విడివిడిగా ముంచిన పాత రేకులపై పూత బరువుగా ఉండేది. నిర్దేశించిన దానికన్నా ఎంతో కొంత అదనం కొన్నవానికి ఉచితంగా దక్కేది. ఆ కొసరు ఇప్పుడు లేదు. నేటి రేకు నాసిరకమని దీని అర్థం కాదు. నిజానికి వంపుకు, మడతకు అది పాత రేకు కన్నా బాగా నిలుస్తుంది. అయితే 120 అని రాసి ఉంటే 120 మాత్రమే వస్తుంది. కాబట్టి అంకెను అడిగి కొనవలసిన బాధ్యత కొనేవాని మీద పడింది.

పీఠభూమి గాలిలో పూత ఆయుష్షు

జింకు పూత ఆయుష్షు దాదాపుగా దాని మందానికి అనుపాతంలో ఉంటుంది. ఐఎస్ఓ 9223 ప్రమాణం వాతావరణాలను తరగతులుగా విభజించింది. రెండవ తరగతిలో జింకు ఏడాదికి 0.1 నుంచి 0.7 మైక్రాన్ల వరకు, మూడవ తరగతిలో 0.7 నుంచి 2.1 వరకు, తీవ్రమైన ఐదవ తరగతిలో 4.2 నుంచి 8.4 వరకు తరుగుతుంది. సముద్రానికి దూరంగా, పొడిగా, రేకు తడిగా ఉండే గంటలు తక్కువగా ఉండే అనంతపురం వంటి ఆరుబయటి గాలి రెండు, మూడు తరగతుల సరిహద్దులో ఉంటుందని భావించవచ్చు. ఏడాదికి 0.7 మైక్రాన్ల చొప్పున 275 తరగతి రేకు 27 ఏళ్లు, 120 తరగతి రేకు 12 ఏళ్లు గడుపుతాయి. కరువు ఈ నేలకు చేసిన మేలు ఏదైనా ఉంటే అది ఇనుముకే చేసింది. కోస్తాలో ఉప్పుగాలికి నిలవని రేకు ఇక్కడ నిశ్చింతగా ఉంటుంది.

కనుక పొలంలో పనిముట్లు పెట్టుకునే గదికి, మేత కప్పుకు బరువైన తరగతి రేకు కొనమని ఒత్తిడి చేయడం ఈ ప్రాంతంలో అనవసరమైన ఖర్చే. మందపు పూత కావలసిన చోట్లు వేరే ఉన్నాయి. అవి వాతావరణం సృష్టించినవి కావు, వ్యవసాయమే సృష్టించినవి.

జింకు సుమారు 6 నుంచి 12.5 వరకు ఉదజని సూచికలో స్థిరంగా ఉంటుంది. అటు ఆమ్లంలోనూ ఇటు గాఢ క్షారంలోనూ కరుగుతుంది. హిందూపురం, మడకశిర ప్రాంతాల పట్టు రైతులు పెంపకపు షెడ్డును ప్రతి పంటకూ 2 శాతం బ్లీచింగ్ పౌడర్, 0.3 శాతం సున్నం కలిపిన ద్రావణంతో శుద్ధి చేస్తారు. పురుగుల ఆరోగ్యానికి అది తప్పనిసరి. అయితే ఆ సున్నపు నీరు క్షార హద్దు అంచున ఉంటుంది, పైగా క్లోరిన్ జింకును తింటుంది. ఏడాదికి ఐదారు పంటలు తీసే షెడ్డులో స్టాండ్లు 120 తరగతి పట్టీతో చేసినవైతే వాటి ఆయుష్షును గాలి తరగతులతో లెక్కించడం వృథా. శుద్ధి గడువు ముగిశాక ఇనుప భాగాలను మంచినీటితో కడిగి ఆరబెట్టడం, స్టాండ్లను బరువైన పూతతో లేదా పైన రంగుతో ఎంచుకోవడం రెండూ అవసరమే.

పశువుల కొట్టంలో మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా రేకు లోపలి ముఖాన్ని తింటుంది. వానకు కడుగుకునే పైముఖం కన్నా, ఎన్నడూ కడుగుకోని కింది ముఖమే ముందు పోతుంది. ఎరువుల గదిలో గోడవారగా చేర్చిన యూరియా, పొటాష్ సంచుల నుంచి రాలిన పొడి తేమను పీల్చి రేకు అడుగు అంచును పట్టుకుంటుంది. డ్రిప్ గొట్టాలలో ఉప్పు పేరుకున్నప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో శుద్ధి చేస్తారు. ఆమ్లం ఎక్కించే చోటుకు దిగువన జి.ఐ. అతుకులు ఉంటే మొదట కరిగేది ఉప్పు కాదు, జింకే. చీనీ తోటల బంక తెగులుకు వాడే బోర్డో మిశ్రమాన్ని ఇనుప, జింకు పాత్రలలో కలపరాదన్న పాత సలహాకు మూలమూ ఇదే. మైలుతుత్తంలోని రాగి జింకుపై పేరుకుంటూ జింకును ద్రావణంలోకి నెడుతుంది. పిచికారీలో చిందిన మిశ్రమం పందిరి తీగపై పడ్డా చిన్న మోతాదులో అదే జరుగుతుంది.

అల్యూమినియం 55 శాతం ఉన్న జింకు-అల్యూమినియం పూత రేకులు కూడా విరివిగా దొరుకుతున్నాయి. ఆ పూత సాంద్రత 3.75 మాత్రమే. అందువల్ల 150 గ్రాముల ఆ పూత ముఖానికి 20 మైక్రాన్లు ఇస్తుంది, అంటే 275 గ్రాముల జింకుతో సమానమైన మందం. రెండింటి గ్రాములను పక్కపక్కన పెట్టి పోల్చడం పొరపాటు. ఆరుబయట కప్పుగా అది మేలైన రేకే, పశువుల కొట్టానికీ తడి సిమెంటు తగిలే చోటుకూ తగదు.

నిలవ గురించి ఒక మాట. వాన తడిసిన కొత్త రేకులను కట్టలుగానే ఉంచితే గాలి ఆడని సందులలో నెల తిరగకుండా తెల్లని పొడి పుట్టుకొస్తుంది. ఏళ్ల తరబడి నిలవవలసిన జింకు వాడకముందే ఖర్చవుతుంది. కట్టలను ఒక చివర ఎత్తుగా, విడివిడిగా, పైకప్పు కింద ఉంచాలి.

సౌర పంపు చట్రం

అంకెను అడగవలసిన చోట్లలో ముఖ్యమైనది ఇది. సౌర పలకలు పాతికేళ్లు పనిచేస్తాయన్న భరోసాతో అమ్ముడవుతాయి. వాటిని మోసే చట్రం కాళ్లు నేలలో, కాంక్రీటులో ఉంటాయి. అందువల్లనే సౌర పంపుల సాంకేతిక నిర్దేశాలలో చట్రాన్ని తయారు చేసిన తరువాత ద్రవ జింకులో ముంచాలని, పూత 80 మైక్రాన్లకు తగ్గరాదని కనిపిస్తుంది. పూత పట్టీని కత్తిరించి, మడిచి, రంధ్రాలు వేసి చేసిన చట్రంపై, అది 275 తరగతి పట్టీయే అయినా, ఉండేది 19 మైక్రాన్లు. దూరం నుంచి చూస్తే రెండూ వెండి రంగులోనే మెరుస్తాయి. ఒకదానికి మరొకదానిలో నాలుగో వంతు రక్షణ కూడా లేదు.

గుర్తులు కొన్ని ఉన్నాయి. తయారయ్యాక ముంచిన చట్రంలో రంధ్రాల లోపలి అంచులకు, కోసిన చివరలకు కూడా జింకు పట్టి ఉంటుంది, మూలల్లో కారిన గడ్డలు కనిపిస్తాయి. పట్టీతో చేసిన దానిలో కోసిన అంచు నగ్నంగా ఉంటుంది. పలుచని రేకులో ఆ అంచును చుట్టుపక్కల జింకు తాను కరిగి కాపాడుతుంది, ఆ గుణమే జింకును రంగు కన్నా మేలైనదిగా చేసింది. మందపు కమ్మీల అంచును కాపాడే శక్తి 19 మైక్రాన్లకు ఉండదు.

తిరుగులేని పరీక్ష అయస్కాంత సూత్రంపై పనిచేసే చేతి మందమాపకం. ఉక్కుపై ఆనించగానే మైక్రాన్లలో అంకె చూపుతుంది. ఒక్కొక్క కాలిపై మూడు చోట్ల, రెండు ముఖాలపైనా చూడడానికి ఐదు నిమిషాలు చాలు. సబ్సిడీ పంపును రైతుకు అప్పగించే పత్రంపై సంతకం తీసుకునే ముందు ఆ అంకెలను అందులో నమోదు చేయడం కష్టమైన పని కాదు. మోటారు శక్తి, పలకల సంఖ్య నమోదు చేస్తున్నప్పుడు చట్రపు పూతను వదిలివేయడానికి కారణం కనిపించదు.

మందమాపకం లేనిచోట భూసార పరీక్షా కేంద్రమే ఆ పని చేయగలదు. కావలసింది సున్నితమైన తక్కెడ, హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హెక్సామిన్. ఉక్కును ఆమ్లం తినకుండా హెక్సామిన్ అడ్డుకుంటుంది. గాఢ ఆమ్లం 500 మిల్లీలీటర్లలో హెక్సామిన్ 3.5 గ్రాములు కరిగించి లీటరుకు పలుచన చేస్తారు. రేకు అంచుకు 5 సెంటీమీటర్లు లోపలగా, వెడల్పులో మూడు చోట్ల, 5 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోయాలి. వాటిని శుభ్రం చేసి తూచి, ద్రావణంలో వేయాలి. వెలువడేది హైడ్రోజన్ కనుక దగ్గరలో మంట ఉండరాదు. బుడగలు తగ్గిపోగానే తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. తగ్గిన బరువును గ్రాములలో 400తో గుణిస్తే చదరపు మీటరుకు పూత బరువు వస్తుంది. 275 తరగతి రేకు ముక్క సుమారు 0.69 గ్రాములు, 120 తరగతి ముక్క 0.30 గ్రాములు కోల్పోతుంది. మూడు ముక్కల సగటును తరగతి అంకెతో పోల్చాలి. ఏ ఒక్క ముక్క అయినా దానికి కొద్దిగా తగ్గడాన్ని ప్రమాణాలు అంగీకరిస్తాయి. యూరోపియన్ ప్రమాణంలో 275 తరగతికి ఒక్క చోట 235 వరకు సమ్మతమే. సగటే 275కు తగ్గితే ఆ సరుకును వెనక్కి పంపవచ్చు.